చెరువు నమూనా నిర్మాణం

చెరువు నమూనా నిర్మాణం బడిపిల్లలు ఆరుబయట మట్టి, రాళ్లు, నీళ్లతో చేసే ఇంజనీరింగ్ పని. ఏటవాలు నేల మీద జానెడు ఎత్తున కట్ట పోస్తారు. దానికి తూము పెడతారు, పక్కన అలుగు విడుస్తారు. తరువాత ఎగువ నుంచి నీళ్లు వదిలి కట్ట నిలుస్తుందో తెగుతుందో చూస్తారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఇది తగిన పని. పార, గంప, దిమ్మిస, కొలిచే టేపు, బకెట్లు, ఒక పైపు ముక్క ఉంటే చాలు. తొలకరి వాన పడగానే వీధి కాలువకు అడ్డంగా మట్టి కట్టలు వేసే ఆట ఊళ్లలో అన్ని తరాల పిల్లలూ ఆడిందే. అందులో కొలత, లెక్క, పరీక్ష చేరితే అది ఇంజనీరింగ్ అవుతుంది.

హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఈ పని నేర్వడానికి బాగా అనువైనది. అసలు చెరువు కళ్లెదుటే ఉంటుంది. శామీర్‌పేట పెద్దచెరువు నిజాం కాలం నాటిది. సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన, ఇరవై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కట్టమైసమ్మ గుడి ఇక్కడ పేరున్న గుడి. నాగ్‌పూర్ రహదారి మీది మేడ్చల్‌కూ తన చెరువు ఉంది. దక్షిణాన కొంపల్లి దగ్గర 1897 నాటి ఫాక్స్ సాగర్ ఉంది. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. శామీర్‌పేట చుట్టుపక్కల నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేట రెండింటినీ తాకుతూ పోతుంది. చెల్కలు వెంచర్లయ్యాయి, పొలాలు గోదాములయ్యాయి. నేల వాడకం ఇలా మారినప్పుడు చెరువులోకి వచ్చే నీరు ఎలా మారుతుందో ఈ నమూనా పిల్లల చేతే లెక్క కట్టిస్తుంది. ఈ ప్రాంతపు బడులకు దీనివల్ల కలిగే అతి పెద్ద ప్రయోజనం అదే.

నేల, వాన, చెరువు

ఈ ప్రాంతం అడుగున ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాయి. పగుళ్లలోనూ పైనున్న మొరం పొరలోనూ తప్ప ఆ రాయి నీటిని దాచుకోదు. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబర్ నెలల్లోనే కురుస్తుంది. నాలుగు నెలల్లో పడ్డ నీటిని ఏడాది పొడవునా వాడుకోవాలంటే పల్లంలో అడ్డుకట్ట వేయక తప్పదు. దక్కన్ పీఠభూమి మీద ఊరికో చెరువు వెలసింది ఇందుకే. మిషన్ కాకతీయ పథకాన్ని 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం లెక్కకు తీసుకున్న చెరువులు, కుంటలు 46 వేలకు పైమాటే.

పెద్దదైనా బొమ్మదైనా చెరువుకు ఉండే అంగాలు ఒకటే. నీరు వచ్చే పరీవాహక ప్రాంతం, నీరు నిలిచే శిఖం, దాన్ని ఆపే కట్ట, పొలానికి నీరు వదిలే తూము, ఎక్కువైన నీరు పొర్లిపోయే అలుగు, తూము కింద పారే ఆయకట్టు. అలుగును తెలంగాణలో మత్తడి అంటారు. తూము తెరవడం, మూయడం, మళ్లకు నీటి వంతులు చూడటం నీరటి పని. పిల్లలకు ఈ మాటలు పుస్తకం నుంచి కాక కట్ట మీద నిలబెట్టి చెప్పాలి. ఏది ఎక్కడ ఉందో చూపించాక ఎందుకు అక్కడే ఉందని అడగాలి.

చరిత్ర చెప్పే పాఠం

చెరువు కట్టడం తెలుగు నేలలో శాస్త్రంగా ఎదిగిన విద్య. కాకతీయ గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడితో పాటు చెరువు కట్టించాడు. పాకాల, లక్నవరం చెరువులూ కాకతీయుల కాలానివే. అయితే చెరువు కట్టే విధానాన్ని నేరుగా రాతి మీద చెక్కించిన శాసనం కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. దాని కాలం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, మరో పేరు భవదూరుడు, అక్కడ అనంతరాజ సాగరం తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు శాసనం చెబుతుంది.

ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, శిఖం మధ్యలో మెట్ట లేవడం, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, సాగునేల తక్కువై నీరు ఎక్కువ కావడం అనేవి ఆ ఆరు దోషాలు. వీటిలో సరిహద్దు మాట తప్ప మిగిలిన అయిదూ పిల్లల బొమ్మ చెరువుకు యథాతథంగా పనికొస్తాయి. ఆరున్నర శతాబ్దాల కిందటి పరీక్ష పత్రంతో ఈనాటి ఏడో తరగతి పిల్లలు తమ పనిని తామే దిద్దుకోవచ్చు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో పోరుమామిళ్ల చెరువును వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. 2018లో కామారెడ్డి పెద్దచెరువుకూ ఆ గుర్తింపు దక్కింది.

కట్ట

మొదట చోటు ఎంచుకోవాలి. బడి ఆవరణలో వాన పడ్డప్పుడు నీరు ఎటు పారుతుందో చూసి, రెండు పక్కల కొంచెం మెట్టగా ఉండి మధ్యలో వాలు ఉన్న చోట గీత గీయాలి. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసలా మట్టం చూడటం మేస్త్రీలు రోజూ చేసే పనే. పిల్లలకు దాన్ని నేర్పితే నీరు ఎంతవరకు నిలుస్తుందో కట్ట వేయకముందే నేల మీద సున్నంతో గీసి చూపగలుగుతారు. ఆ గీతే పూర్తి నీటిమట్టం, అధికారుల భాషలో ఎఫ్‌టీఎల్. పత్రికల్లో రోజూ కనిపించే ఆ మాట ఏమిటో అప్పుడు చేతికి అందుతుంది.

తరువాత మట్టి. ఇక్కడి ఎర్ర చెల్క మట్టిలో ఇసుక పాలు ఎక్కువ. గట్టిగా నిలుస్తుంది కానీ నీటిని జారవిడుస్తుంది. చెరువు అడుగున దొరికే నల్లటి ఒండ్రుమట్టి నీటిని ఆపుతుంది కానీ ఎండితే పగుళ్లిస్తుంది. గాజు సీసాలో గుప్పెడు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి, కదపకుండా ఒక రోజు ఉంచితే ఇసుక అడుగున, ఒండ్రు మధ్యన, బంక పైన పొరలుగా తేరుకుంటాయి. ఆ పొరల మందం కొలిస్తే ఏ మట్టి ఎక్కడ వాడాలో తెలుస్తుంది. బంకమట్టిని కట్ట నడుమ నిలువు పొరగా వేసి, దానికి రెండు వైపులా ఎర్రమట్టి పోయడం మేలు. ఆ బంకపొర నేల మట్టం దగ్గరే ఆగకూడదు. కింద జానెడు లోతు కందకం తవ్వి అక్కడి నుంచి లేపాలి. లేకపోతే కట్ట బాగానే ఉన్నా దాని అడుగు నుంచి నీరు దారి చేసుకుంటుంది.

కట్టను నిలువు గోడలా కట్టాలని పిల్లలందరికీ అనిపిస్తుంది. మట్టి ఆ ఆకారంలో నిలవదు. ఎత్తు 20 సెంటీమీటర్లు, పైవెడల్పు 10 సెంటీమీటర్లు, రెండు వైపులా ఎత్తుకు రెండింతల వాలు పెడితే అడుగు వెడల్పు 90 సెంటీమీటర్లు అవుతుంది. జానెడు కట్టకు అంత అడుగు ఎందుకని వాళ్లు అడుగుతారు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుందనేది ఒక జవాబు. పది సెంటీమీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద పది గ్రాముల బరువు పడుతుంది, అయిదు మీటర్ల లోతున అరకిలో. చెరువు వెనక్కి ఎంత దూరం పరుచుకున్నా ఈ లెక్క మారదు, లోతొక్కటే లెక్కలోకి వస్తుంది. ఇది చాలామంది పెద్దలకూ తెలియని సంగతి. రెండో జవాబు, నీరు కట్ట గుండా ఎంతో కొంత ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట అవతలి వాలు మీద బయటపడకుండా కట్ట లోపలే కిందికి దిగిపోవాలంటే అడుగు వెడల్పుగా ఉండాలి.

రెండు మీటర్ల పొడవున్న ఇలాంటి కట్టకు మూడు వందల కిలోలకు పైగా మట్టి అవసరమవుతుంది. దాన్ని ఒక్కసారిగా కుప్ప పోయకూడదు. నాలుగు వేళ్ల మందాన పొర వేసి, తగినంత తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆపైన మరో పొర వేయాలి. తడి సరిపోయిందో లేదో చేతితోనే తెలుస్తుంది. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, అరచేతికి బురద అంటకూడదు. ఒకే కొలతతో రెండు జట్లు కట్టాలి, ఒకటి దిమ్మిస కొట్టి, మరొకటి కొట్టకుండా. నీళ్లు నింపాక ఆ రెండింటి తేడా చూస్తే దిమ్మిస ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. నీటివైపు వాలు మీద చిన్న రాళ్లు పరిస్తే అలల దెబ్బకు మట్టి జారదు. శామీర్‌పేట కట్ట లోపలి వైపు చూసి వచ్చిన పిల్లలు ఈ పని ఎవరూ చెప్పకుండానే చేస్తారు.

తూము

తూముకు అరంగుళం పీవీసీ పైపు చాలు. అదీ లేకపోతే బొప్పాయి ఆకు కాడ వాడవచ్చు. అది లోపల బోలుగా ఉంటుంది. దాన్ని కట్ట అడుగున, బంకపొర గుండా, కొంచెం వాలుగా అమర్చి లోపలి కొసను గుడ్డతో బిగించాలి. పిల్లలు కట్టిన కట్టల్లో మొదట నీరు కారేది ఇక్కడే. నున్నటి పైపు మీద మట్టి సరిగా అంటదు. ఆ సన్నటి సందులో నీరు చేరి ఒక్కో రేణువునూ కడిగేసుకుంటూ బొరియ చేస్తుంది. దాన్నే బుంగ పడటం అంటారు. పైపు చుట్టూ బంకమట్టితో రెండు మూడు దిట్టమైన పట్టీలు వేస్తే నీరు వంకర దారి పట్టాల్సి వచ్చి దాని జోరు తగ్గుతుంది.

కట్ట లోపలి నుంచి ఇలా మట్టి కొట్టుకుపోవడం పెద్ద ఆనకట్టలనూ కూల్చింది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో టీటన్ మట్టి ఆనకట్ట 1976 జూన్ 5న, మొదటిసారి నిండుతుండగానే, ఈ కారణంతో కూలింది. ఊట నీరు తేటగా వస్తుంటే కొంత నయం, బురదగా వస్తుంటే కట్ట లోపల తినేస్తోందని అర్థం. కట్ట మీద కాపలా ఉండేవారు మొదట చూసేది నీటి రంగునే. పిల్లల నోటుపుస్తకంలోనూ ఊట ఎంత అనే గడి పక్కన దాని రంగు ఏమిటనే గడి ఉండాలి.

అలుగు

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ అశ్రద్ధ చేసేది అలుగు. నీటిని ఆపాలన్న ఉత్సాహంలో నీటికి దారి విడవాలన్న ఆలోచన రాదు. అలుగు లేని మట్టికట్ట ఎంత గట్టిదైనా ఏదో ఒక రోజు తెగుతుంది. పైనుంచి పొర్లిన నీరు అవతలి వాలును కోస్తూ నిమిషాల్లో గండి కొడుతుంది. గుజరాత్‌లో మచ్ఛు రెండో ఆనకట్ట 1979 ఆగస్టు 11న వరదనీరు పైనుంచి పొర్లి తెగిపోయింది. మోర్బీ పట్టణంలో వేల ప్రాణాలు పోయాయి.

అలుగును కట్ట మధ్యలో పెట్టకూడదు. కట్ట కొసన, గట్టి నేల మీద పెట్టాలి. మన కొలత ప్రకారం కట్ట 20 సెంటీమీటర్లయితే అలుగు 15 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. మిగిలిన అయిదూ అలలకు, అనుకోని వరదకు వదిలిన జాగా. పెంకులో, ఇటుక ముక్కలో పరిచి, నీరు దూకే చోట రాళ్లు పేర్చాలి. అలుగు మీద నీటి మందం రెండింతలైతే పారే నీరు రెండింతలు కాదు, సుమారు 2.8 రెట్లు అవుతుంది. పొడవు రెండింతలైతే మాత్రం నీరూ రెండింతలే అవుతుంది. ఈ రెండూ బకెట్, గడియారం పెట్టి పిల్లలే కొలిచి తేల్చుకోవచ్చు.

ఇక అసలు లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పిల్లల చెరువుకు ఎగువన నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున పరీవాహకం ఉందనుకుందాం. 20 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 240 లీటర్లు కురిసినట్టు. మట్టినేల సగం తాగితే చెరువుకు 120 లీటర్లు వస్తాయి. నీరు పరుచుకునే విస్తీర్ణాన్ని గరిష్ఠ లోతుతో గుణించి మూడో వంతు తీసుకుంటే చెరువు పట్టే నీరు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రెండు చదరపు మీటర్లు, 15 సెంటీమీటర్లు అయితే 100 లీటర్లు. అంటే అలుగు మీదుగా పోయేది 20 లీటర్లు.

ఇప్పుడు అదే పరీవాహకం మీద టార్పాలిన్ పరవాలి. కాంక్రీటు, తారు రోడ్డు, రేకుల కప్పు చేసే పని అది చేస్తుంది. పదింట తొమ్మిది వంతుల నీరు కిందికి వస్తే 216 లీటర్లు. చెరువు పట్టేది అదే 100. అలుగు మీదుగా పోయేది 116 లీటర్లు, అంటే దాదాపు ఆరు రెట్లు. వానా మారలేదు, చెరువూ మారలేదు, ఎగువ నేల ఒక్కటే మారింది. పైగా ఆ నీరు తొందరగా, ఒక్కసారిగా వస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ గత రెండు దశాబ్దాల్లో జరిగింది ఇదే. పూల మొక్కలకు నీళ్లు పోసే జల్లుడబ్బాతో అరగంటలో తేలే ఈ ప్రయోగం పట్టణ ప్రణాళిక మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా కలగని ఎరుకను కలిగిస్తుంది.

గొలుసుకట్టు

ఒక్క చెరువుతో పని ముగించకూడదు. తెలంగాణ చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు పరీవాహకం. అందుకే మూడు జట్లు ఒకే వాలులో, ఒకదాని కింద ఒకటి కట్టాలి. పై జట్టు కట్టను కావాలని తెంపి చూడాలి. కింది రెండు కట్టలూ తమ తప్పేమీ లేకుండానే కొట్టుకుపోతాయి. అలా పోయిన జట్టు పిల్లలు ఎగువ జట్టుతో గొడవకు దిగడం ఖాయం. ఆ గొడవను ఆపకుండా కాసేపు సాగనివ్వడం మంచిది. ఎవరి అలుగు ఎంత ఉండాలో, ఎవరు ఎవరికి ముందుగా కబురు చెప్పాలో అందులోనే తేలుతుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచినప్పుడు జరిగిందీ ఇదే. ఆ తరువాత నిజాం ప్రభుత్వం పిలుపుతో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులుండేవి. వాటిలో 221 ఆ వరదలో తెగాయి. పైచెరువు నీరు కింది చెరువు మీద పడి, అన్నీ కలిసి నగరం మీద పడ్డాయి. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 2020 అక్టోబర్ 13న కురిసిన కుండపోతకు నగరం మళ్లీ మునిగింది. పాతబస్తీ వైపు పల్లె చెరువు కట్ట తెగింది. ఉత్తరాన ఫాక్స్ సాగర్ నిండి పొర్లడంతో కొంపల్లి దగ్గరి ఉమామహేశ్వర కాలనీ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఇది చరిత్ర పాఠం కాదు, తమ ఇంటి సంగతి.

జాగ్రత్తలు

బొమ్మ చెరువులో నీటి లోతు జానెడు మించకూడదు. పని అయిన రోజే నీరు వదిలేసి గుంటలు పూడ్చాలి, లేకపోతే దోమలు చేరతాయి. రాళ్లు ఎత్తేటప్పుడు కింద తేళ్లుంటాయి, ముందు కర్రతో కదపాలి. ఉరుములు వినపడితే అందరూ గదుల్లోకి వెళ్లాలి. పెద్దచెరువుకు తీసుకెళ్లేది చూడటానికి మాత్రమే. కట్ట మీద నుంచి చూడాలి, నీటి అంచుకు దిగకూడదు. మట్టి కోసం పూడిక తీసిన చెరువుల్లో హఠాత్తుగా లోతైన గుంటలుంటాయి. ఈత వచ్చిన పిల్లలకూ అవి ప్రమాదమే. ఈ ఒక్క విషయంలో ఉపాధ్యాయులు ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు.

బడిలో చోటు

బాలల ఆటకు ఇసుక, మట్టి అందించాలన్న ఆలోచన ఆధునిక విద్యలో పాతదే. 1885లో బోస్టన్ నగరంలో పేదపిల్లల కోసం ఇసుక తోటలు మొదలయ్యాయి. మన దేశంలో 1937 వార్ధా సమావేశం తరువాత వచ్చిన నయీ తాలీమ్ చేతిపనినే చదువుకు ఇరుసుగా పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానిక వృత్తులవారి దగ్గర పని నేర్చుకునే వీలు కల్పించాలని చెప్పింది. ఆ పది రోజుల్లో రెండు ఈ పనికి ఇస్తే సరిపోతుంది, ఒకటి కట్టడానికి, ఒకటి నింపి పరీక్షించడానికి. నీరటి పని చేసిన పెద్దమనిషి ఊళ్లో ఉంటే ఆయనే ఆ రోజు సారు కావాలి. పిల్లలు ఆయన్ను ఆ మాటతోనే పిలవాలి.

తేదీ కావాలంటే జూలై 11 ఉంది. నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ 1877లో పుట్టిన రోజది. తెలంగాణలో దాన్ని ఇంజనీర్ల దినంగా జరుపుతారు. అప్పటికి తొలకరి పడి నేల మెత్తబడి ఉంటుంది, తవ్వడం తేలిక. విశ్వేశ్వరయ్య జయంతి అయిన సెప్టెంబర్ 15 నాటికి చెరువులు నిండి అలుగులు పారుతుంటాయి. అసలు మత్తడిని దూరం నుంచి చూపించడానికి అది తగిన కాలం.

ఈ పనికి మార్కులు వేయదలచిన ఉపాధ్యాయులకు ఒక సూచన. పిల్లలు పోటీ పడేది కట్ట ఎత్తులో, చూసేవాళ్లు మెచ్చుకునేదీ దాన్నే. సగం మార్కులు అలుగుకూ, అలుగు దిగువన నీరు పోయే దారిని ఖాళీగా వదిలినందుకూ ఉంచండి.